‘అనుభవం అవసరం లేదు’ అన్న హెలి-స్కీయింగ్ ప్యాకేజీ: తిరుపతి నుంచి గుల్‌మార్గ్‌కు వెళ్లొచ్చిన వారి సమీక్ష

తిరుపతిలోని ఒక ట్రావెల్ ఏజెన్సీ నడుపుతున్న ఏడు రోజుల గుల్‌మార్గ్ హెలి-స్కీయింగ్ ప్యాకేజీకి గత ఫిబ్రవరిలో మేం నలుగురం వెళ్లి వచ్చాం. మనిషికి 1,68,000 రూపాయలు చెల్లించాం. అందులో విమాన టిక్కెట్లు, హోటలు, అద్దె సామగ్రి, గైడ్, రెండుసార్లు హెలికాప్టర్‌లో పైకి చేర్చడం కలిసి ఉన్నాయి. ఏజెన్సీ పేరు ఇక్కడ రాయడం లేదు. మా డబ్బులో కొంత భాగం గురించి వారితో ఇంకా మాటలు నడుస్తున్నాయి. కొండ మీద మాకు దొరికిన సేవ చాలా మంచిది, తిరుపతిలో దాన్ని అమ్మిన తీరు మాత్రం ప్రమాదకరమైనది. ఈ రెండింటినీ కలిపి ఇన్ని నక్షత్రాలని లెక్కగట్టడం నాకు చేతకాలేదు కనుక విడివిడిగానే రాస్తున్నాను.

ముందుగా మేమెవరమో చెప్పాలి, ఎందుకంటే ఈ ప్యాకేజీ ఎవరికి పనికొస్తుందనేది పూర్తిగా దాని మీదే ఆధారపడి ఉంది. నేను బ్యాంకు ఉద్యోగిని, వయసు నలభై దాటింది. మూడేళ్ల క్రితం గుల్‌మార్గ్‌లోనే రెండు వారాల ప్రాథమిక స్కీయింగ్ కోర్సు, మరుసటి ఏడాది దాని పై కోర్సు చేశాను. నాతోపాటే ఆ రెండు కోర్సులూ చేసిన సహోద్యోగి ఒకరు. మూడో వ్యక్తి చిత్తూరులో ప్రాక్టీసు చేసే డాక్టరుగారు. ఇంగ్లండ్‌లో పనిచేసిన రోజుల్లో ఐదారు శీతాకాలాలు ఆల్ప్స్‌కు వెళ్లి స్కీ చేసినవారు. నాలుగోవాడు మా బావమరిది. అతనికున్న మంచు అనుభవమల్లా మనాలీలో లారీ ట్యూబు మీద కూర్చుని జారడమే.

అయినా అతని చేత కూడా ఏజెన్సీ నిస్సంకోచంగా డబ్బు కట్టించుకుంది. రంగుల కరపత్రం మీద పెద్ద అక్షరాల్లో ‘అనుభవం అవసరం లేదు’ అని ఉంది. అది నిజమేనా అని నేను రెండుసార్లు అడిగాను. కౌంటరులోని అబ్బాయి చిరునవ్వు చెదరకుండా, “సార్, పైకి తీసుకుపోయేది హెలికాప్టరు, దిగేటప్పుడు పక్కన గైడు ఉంటాడు, ఇంక మీకు పనేముంది సార్?” అన్నాడు. మా బావమరిదికి ఆ తర్కం బాగా నచ్చింది. “ఎక్కేదానికి మెట్లు లేవు, దిగేదానికి జారుడుబండ ఉంది, ఇంతకంటే సుఖమేముంది బావా” అన్నాడు. అక్కడే గట్టిగా అడ్డుపడకపోవడం నా తప్పు.

హెలి-స్కీయింగ్ అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం కొంచెం వివరంగా చెబుతాను. మామూలు స్కీ కేంద్రాలలో యంత్రాలతో చదును చేసి, హద్దులు గుర్తించి, గస్తీ పెట్టిన మంచుబాటలు ఉంటాయి. వాటిని పిస్ట్ అంటారు. వాటిని దాటి, ఎవరూ చదును చేయని సహజమైన మంచులో దిగడం ఆఫ్-పిస్ట్ స్కీయింగ్. రోప్‌వేలు కూడా చేరని కొండ శిఖరాల మీదికి హెలికాప్టర్‌లో వెళ్లి, అక్కడి నుంచి ఆఫ్-పిస్ట్ దిగడమే హెలి-స్కీయింగ్. ఆస్ట్రియా నుంచి కెనడాకు వలస వెళ్లిన పర్వతారోహకుడు హాన్స్ గ్మోజర్ 1965లో బ్రిటిష్ కొలంబియాలోని బుగాబూ పర్వతాలలో దీన్ని ఒక వ్యాపారంగా మొదలుపెట్టారు. కశ్మీరుకు దీన్ని పరిచయం చేసినవారిలో ముఖ్యుడు స్విట్జర్లాండ్‌కు చెందిన సిల్వాన్ సోడాన్. అసాధ్యమైన వాలుల మీద స్కీ చేస్తాడని ప్రపంచమంతా పేరుపొందిన ఆయన, 1982లో 8,000 మీటర్లు దాటిన గాషర్‌బ్రమ్-1 శిఖరం మీది నుంచి స్కీల మీదే దిగారు. ఆ తర్వాత చాలా ఏళ్లు కశ్మీరులో హెలి-స్కీయింగ్ నడిపారు.

ఈ రంగంలో ‘బిగినర్’ అన్న మాటకు మనం అనుకునే అర్థం లేదు. స్కీయింగ్‌కు కొత్తవాడు అని కాదు; స్కీయింగ్ బాగానే వచ్చి, హెలికాప్టరుకూ లోతైన పొడిమంచుకూ కొత్తవాడు అని. చదునైన బాట మీద మధ్యస్థాయి వాలుల్లో ఆగకుండా, పడకుండా, వేగాన్ని తన అదుపులో ఉంచుకుని మలుపు వెంట మలుపు తిరగగలిగినవాడే ఇక్కడ బిగినర్. కశ్మీరులో గైడ్లు ఆ మాటను ఈ అర్థంలోనే వాడతారు, తిరుపతిలో అమ్మినవారు నిఘంటువు అర్థంలో వాడారు. మాకు జరిగిన చికాకంతా ఈ రెండు అర్థాల మధ్య సందులోంచి వచ్చిందే.

ప్రయాణం గురించి ఎక్కువ రాయవలసింది లేదు. రేణిగుంట నుంచి హైదరాబాదు, ఢిల్లీ మీదుగా శ్రీనగర్, అక్కడి నుంచి తంగ్‌మార్గ్ దాకా ఒక బండి, తంగ్‌మార్గ్ నుంచి పైకి చివరి 13 కిలోమీటర్లు టైర్లకు గొలుసులు బిగించిన మరో బండి. తిరుపతిలో తెల్లవారుజామున ఫ్యాను వేసుకుని పడుకున్నవాళ్లం మరునాటికి 2,650 మీటర్ల ఎత్తున ఉన్నాం కనుక మొదటి రాత్రి అందరికీ తలనొప్పి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్ము కశ్మీరులో పనిచేయవన్న చిన్న సంగతి కూడా ఏజెన్సీ మాకు చెప్పలేదు. డాక్టరుగారి పోస్ట్‌పెయిడ్ ఫోను ఒక్కటే వారమంతా నలుగురి ఇళ్లకూ కబుర్లు చేరవేసింది.

అద్దెకిచ్చిన సామగ్రి విషయంలో ఫిర్యాదు ఒక్కటే: చేతి గ్లవ్స్ నాసిరకం, తడిసిపోయాయి. మిగతావన్నీ బాగున్నాయి. నేను కోర్సులో వాడిన స్కీలు నడుమ దగ్గర దాదాపు 75 మిల్లీమీటర్ల వెడల్పు ఉండేవి. ఇక్కడ ఇచ్చినవి 108. లోతైన మంచులో మునిగిపోకుండా తేలడానికి ఈ వెడల్పు కావాలి. బూట్ల కొలత కోసం కుర్రాడు నా పాదాన్ని మేజోడుతో సహా ఖాళీ బూటు చిప్పలో పెట్టించి, మడమ వెనక ఎన్ని వేళ్లు పడతాయో చూసి, రెండుసార్లు మార్చి ఇచ్చాడు. వారం రోజులపాటు పాదాలకు ఒక్క పొక్కు కూడా రాలేదంటే ఆ పుణ్యం అతనిదే.

రెండో రోజు పరీక్ష. ప్యాకేజీలో దీన్ని ‘సరదా ప్రాక్టీస్’ అని రాశారు. గైడ్ మాత్రం మొదటి మాటలోనే, రేపు ఎవరు హెలికాప్టర్ ఎక్కాలో తేల్చేది ఇవాళేనని చెప్పేశాడు. యాభై ఏళ్ల కశ్మీరీ మనిషి, తక్కువగా మాట్లాడతాడు, ఆ మాట్లాడేది కూడా మా వచ్చీరాని హిందీకి అందేలా మెల్లగా మాట్లాడతాడు. గొండోలా అనే అక్కడి రోప్‌వే మొదటి దశ ఎక్కి కోంగ్‌డూరి చేరుకున్నాం. బాటకు పక్కన, యంత్రం తాకని మంచులో ఒక్కొక్కరిని పది మలుపులు తిరగమన్నాడు, తను కర్ర చూపిన చోట ఆగమన్నాడు, స్కీలను అడ్డంగా పెట్టి వాలు మీద పక్కకు జారమన్నాడు, కదలకుండా నిలబడి దిశ మార్చమన్నాడు. డాక్టరుగారు నీళ్లలో చేపలా దిగిపోయారు. నేనూ మా సహోద్యోగీ అంత అందంగా కాకపోయినా చెప్పినచోట ఆగగలిగాం.

మా బావమరిది మొదటి మలుపులోనే పడ్డాడు. ఎడమ స్కీ ఊడి నాలుగు గజాలు జారిపోయింది. గైడ్ వెళ్లి దాన్ని తెచ్చి, అతని ముందు మోకాలి మీద కూర్చుని, బూటు అడుగున గట్టిపడిన మంచును కర్ర మొనతో గోకి గోకి తీసి, బూటును స్కీకి బిగించే బైండింగ్‌లో కాలు సరిగ్గా కూర్చునేలా తనే పట్టుకున్నాడు. ఆ మంచు గోకకపోతే బూటు పైకి బిగుసుకున్నట్టే కనిపించి మధ్యలో వదిలేస్తుందట. రెండోసారి, మూడోసారి కూడా అంతే ఓపికగా అదే పని చేశాడు. నాలుగోసారి పడ్డాక పక్కనే మంచులో కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి, “రేపు మీరు హెలికాప్టర్ ఎక్కరు. ఈ నాలుగు రోజులూ కింద చదునైన వాలులో నేర్చుకోండి, నేర్పేవాడిని నేను పెడతాను” అన్నాడు. డబ్బు కట్టామని బావమరిది, ఏజెన్సీ వాళ్లు అవసరం లేదన్నారని నేను, ఇద్దరం వాదించాం. గైడ్ గొంతు పెంచలేదు. పైన పడినవాడిని లేపడానికి పట్టే సమయంలో మిగతా ముగ్గురూ మంచుచరియ దారిలో నిలబడి ఉండాల్సి వస్తుందని ఒకే వాక్యంలో చెప్పి లేచాడు. నాకప్పుడు కోపమే వచ్చింది. ఈ ప్యాకేజీలో నేను పెట్టిన డబ్బుకు దొరికిన అత్యంత విలువైన సేవ ఆ నిరాకరణేనని ఐదో రోజు పైన నిలబడ్డాక గానీ అర్థం కాలేదు.

ఆ మధ్యాహ్నమంతా మంచుచరియల పాఠం. దీని గురించి కరపత్రంలో ఒక్క ముక్క లేదు. ఉండవలసిన మొదటి ముక్క ఇదే. ఆఫ్-పిస్ట్‌లో మనుషుల్ని చంపేది చాలావరకు విరిగిపడే మంచు పలకలే. ఆ పలకలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులలో జారతాయి, అంటే సరిగ్గా స్కీ చేయడానికి హాయిగా ఉండే వాలులలోనే. పాత మంచు లోపల పంచదార పలుకుల్లా విడివిడిగా మారి, దాని మీద గాలి తెచ్చిన కొత్త మంచు గట్టి పలకగా పేరుకుంటే, మనిషి బరువు పడగానే అడుగు పొర కూలిపోతుంది. గైడ్ పారతో ఒక గొయ్యి తవ్వి, నిలువు గోడలో ఆ పొరలను వేలితో తాకి చూపించాడు. పై పొర వేలికి లొంగలేదు, అడుగుది వేలు పెట్టగానే జలజలా రాలింది. పంచదార పోసి పైన మందపాటి ఊతప్పం పరిచినట్టుందని మా సహోద్యోగి అంటే, దాన్ని హిందీలోకి మార్చి చెప్పడానికి ముగ్గురం తంటాలు పడ్డాం. 2010 ఫిబ్రవరిలో ఇదే గుల్‌మార్గ్ దగ్గర, పర్వత యుద్ధవిద్యలో శిక్షణ పొందుతున్న 17 మంది సైనికులు మంచుచరియల కింద ప్రాణాలు కోల్పోయారు. అంతటి శిక్షణ ఉన్నవారికే తప్పనిది మనకు తప్పుతుందని ఎవరూ భరోసా ఇవ్వలేరు.

తర్వాత ట్రాన్స్‌సీవర్. ఛాతీకి కట్టుకునే ఈ చిన్న పెట్టె 457 కిలోహెర్ట్జ్ మీద నిరంతరం సంకేతం పంపుతూ ఉంటుంది. ఎవరైనా కూరుకుపోతే మిగిలినవారు తమ పెట్టెలను వెతికే స్థితికి మార్చి ఆ సంకేతాన్ని పట్టుకోవాలి. మొబైల్ ఫోను దీన్ని గందరగోళపరుస్తుంది కనుక మామూలుగా 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు అరమీటరు ఎడంగా ఉంచాలి. మంచు కింద చిక్కినవారు మొదటి పది, పదిహేను నిమిషాల్లో బయటపడితే బతికే అవకాశం ఎక్కువ, ఆ తర్వాత అది వేగంగా పడిపోతుంది. అంటే కింది నుంచి సహాయం వచ్చేదాకా ఆగే సమయం ఉండదు, పక్కనున్నవాడే తవ్వి తీయాలి.

గైడ్ ఒక పెట్టెను గోనెసంచిలో చుట్టి, మమ్మల్ని వెనక్కి తిరగమని ఎక్కడో పాతిపెట్టాడు. నా చేతిలోని పెట్టె తెరమీద దూరం చూపుతూ 38 అని ఒక అంకె, పక్కన ఒక బాణం. బాణం వెంట పోతే అంకె తగ్గాలి. కంగారులో నేను బాణం కంటే వేగంగా పరిగెత్తి రెండుసార్లు దాటిపోయాను. అంకె మూడుకు దిగాక పెట్టెను మంచుకు ఆనించి, ముందుకూ వెనక్కూ, పక్కలకూ జరిపి అతి తక్కువ అంకె ఉన్న చోటు పట్టాలి. అక్కడి నుంచి పొడవైన సన్నటి గొట్టాన్ని వాలుకు లంబంగా, జానెడు జానెడు దూరంలో చుట్టూ గుచ్చుతూ పోవాలి. మంచులో గుచ్చితే గరగరమంటూ దిగుతుంది, గోనెసంచికి తగిలినప్పుడు మాత్రం మెత్తగా ఆగి కొంచెం వెనక్కి తన్నుతుంది. ఆ స్పర్శ చేతికి ఒకసారి తెలిశాక మరిచిపోవడం కష్టం. మొదటిసారి నాకు 11 నిమిషాలు పట్టింది. “మీ స్నేహితుడు చనిపోయాడు, మళ్లీ వెతకండి” అన్నాడు గైడ్, ఏ భావమూ లేకుండా. మూడోసారికి నాలుగు నిమిషాలకు వచ్చాను. ఆ తర్వాత తవ్వడం, గొట్టం పక్కనే కాకుండా వాలు కింది వైపు నుంచి. చలి మీద కంటే ఆ తవ్వకంలో పట్టిన చెమట మీదే నాకు ఎక్కువ గౌరవం కలిగింది.

మూడో రోజు మబ్బు, ఎగరలేదు. నాలుగో రోజు గాలి, ఎగరలేదు. హెలి-స్కీయింగ్‌లో ఇది సహజమే. వెలుతురు చాలకపోతే మంచుకూ ఆకాశానికీ తేడా తెలియక పైలట్ ఎత్తు అంచనా తప్పుతాడు. వాతావరణం వల్ల పోయిన రోజులకు డబ్బు వాపసు లేదన్న షరతు కరపత్రం వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. కనీసం మూడు రోజులైనా వెసులుబాటు లేని ప్యాకేజీ ఎవరూ కొనవద్దని నా సలహా. ఆ రెండు రోజులూ హోటలు కిటికీ దగ్గర కహ్వా అనే కశ్మీరీ టీ తాగుతూ, ఫిరన్ అనే పొడవాటి వదులు అంగీ లోపల కాంగ్‌డీ అనే నిప్పుల కుంపటి పెట్టుకుని తిరిగే అక్కడి పెద్దలను చూసి అసూయపడుతూ గడిపాం. ఏజెన్సీ వాగ్దానం చేసిన ‘ఆంధ్రా భోజనం’ రాజ్మా వేసిన సాంబారుగా దర్శనమిచ్చింది. దాని గురించి ఇంతకంటే రాయను.

ఐదో రోజు పొద్దున ఆకాశం తేటగా ఉంది. మైదానం అంచున మమ్మల్ని బ్యాగుల మీద దగ్గర దగ్గరగా మోకాళ్లపై కూర్చోబెట్టి, స్కీలను పట్టీతో కట్టి నేలమీద అడ్డంగా పరిచి, ఊడిపోయే వస్తువు ఏదీ ఒంటిమీద లేకుండా చూశాడు గైడ్. నియమాలు నాలుగే చెప్పాడు గానీ నాలుగుసార్లు చెప్పాడు. ముందువైపు నుంచి, పైలట్‌కు కనబడుతూనే దగ్గరికి వెళ్లాలి. తోక వైపు అడుగు కూడా వేయకూడదు. వాలు మీద నిలిచిన హెలికాప్టర్ దగ్గరికి ఎగువ వైపు నుంచి పోకూడదు, అటువైపు రెక్కలు నేలకు దగ్గరవుతాయి. స్కీలను ఎప్పుడూ భుజానికెత్తకూడదు. హెలికాప్టర్ మా ముందే, చెయ్యి చాస్తే అందేటంత దగ్గరగా దిగినట్టనిపించింది. రెక్కల గాలికి లేచిన మంచు మెడలోకి, ముక్కులోకి దూరింది. నా భుజం మీద గైడ్ చెయ్యి నొక్కి ఉంది. ఆ చెయ్యి తీసేదాకా కదలకూడదన్నది ఐదో నియమమని తర్వాత గ్రహించాను.

యూరప్‌లో తయారయ్యే ఏఎస్350 బీ3 రకం హెలికాప్టర్ అది. 2005 మే 14న ఫ్రెంచి పైలట్ డిడియే డెల్సాల్ ఎవరెస్టు శిఖరాన దిగింది ఈ రకంతోనే. 4,000 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే ఉంటుంది కనుక ఇంజను శక్తీ, రెక్కల ఊతమూ రెండూ తగ్గుతాయి. అందుకే ప్రతి మనిషినీ, ప్రతి బ్యాగునూ ముందురోజే తూకం వేశారు. కెనడాలో బెల్ 212 లాంటి పెద్ద హెలికాప్టర్లు ఒకేసారి పదకొండు మంది స్కీయర్లను తీసుకుపోతాయి. ఇందులో పైలట్ కాక ఐదుగురం. ఇక్కడొక సంగతి చెప్పి తీరాలి. ప్యాకేజీ ప్రకారం మేం నలుగురం, గైడ్ ఒకడు. మా బావమరిది కింద ఉండిపోవడం వల్ల ఖాళీ అయిన సీటులోకి గైడ్ తన సహాయకుణ్ని ఎక్కించుకున్నాడు. ముందు ఒకరు దారి చూపితే వెనక ఒకరు ఉండి పడ్డవారిని లేపుతూ రావడం ఎంత అవసరమో ఆ రోజు చూశాను. అది మాకు అదృష్టవశాత్తు దొరికింది, ఒప్పందంలో లేదు. కొత్తవాళ్ల బృందానికి వెనక గైడ్ లేకుండా అమ్మడం ఏజెన్సీ చేసిన రెండో పెద్ద తప్పు.

ఎనిమిది నిమిషాల ప్రయాణం. పీర్ పంజాల్ శ్రేణిలో, దాదాపు 4,100 మీటర్ల దగ్గర ఒక గట్టు మీద దించి హెలికాప్టర్ వెళ్లిపోయింది. అది లోయలోకి జారి, శబ్దం సన్నగిల్లి, ఆగిపోయాక మిగిలిన నిశ్శబ్దం చెవులు నొప్పెట్టేలా ఉంది. ఎవరూ మాట్లాడలేదు. డాక్టరుగారు మాత్రం బూటు క్లిప్పులు ఒక్కొక్కటే బిగిస్తున్నారు, ఆ టక్ టక్ చప్పుడు వినిపిస్తోంది.

గైడ్ ఎంచుకున్న వాలు 30 డిగ్రీల లోపే. ముందు తను దిగి, ఒక రాతి గట్టు చాటున ఆగి, కర్ర ఎత్తాడు. ఒక్కొక్కరే రావాలి, అందరూ తన జాడకు ఎడమవైపే ఉండాలి, ముందున్నవారు చాటుకు చేరాకే తర్వాతివారు కదలాలి. పొడిమంచు నాకు అందాకా అలవాటైన మంచు కాదు. జల్లించిన బియ్యప్పిండిలో మోకాలి లోతు దిగబడి నడుస్తున్నట్టుంది. కోర్సులో వేగం తగ్గించడానికి స్కీల మొనలు దగ్గరకు, మడమలు దూరంగా పెట్టి నాగలిలా నిలపడం నేర్పారు. భయం వేయగానే నా కాళ్లు వాటంతట అవే ఆ పని చేశాయి. లోతైన మంచులో నాగలి పనిచేయదు, దున్నుకుంటూ లోపలికే పోతుంది. రెండు స్కీలూ రెండు దారులు పట్టాయి, నేను ముందుకు బోర్లా పడ్డాను.

పడటం నొప్పి కాలేదు. లేవడమే పని. చెయ్యి ఆనిస్తే భుజం దాకా దిగబడుతోంది. వెనకనుంచి వచ్చిన సహాయకుడు రెండు కర్రలనూ ఇంటూ గుర్తులా ఒకదానిపై ఒకటి పెట్టి, వాటి కూడలి మీద అరచెయ్యి నొక్కి లేవమన్నాడు. లేచాక చూస్తే కుడి స్కీ లేదు. పొడిమంచులో ఊడిన స్కీ కిందికి పోదు, సాధారణంగా ఊడిన చోటికి కాస్త ఎగువనే మంచు లోపల దాక్కుంటుంది. రెండో స్కీని కత్తిలా మంచులో అడ్డంగా కోస్తూ ఇద్దరం ఇరవై నిమిషాలు వెతికాం. నలుగురు మనుషులు ఇరవై నిమిషాలపాటు నా ఒక్కడి కోసం అక్కడ నిలబడ్డారు. పక్కనే మా బావమరిది కూడా ఉండి ఉంటే ఎన్నిసార్లు ఇలా నిలబడాల్సి వచ్చేదో లెక్కవేసుకున్నాను.

ఆ మొదటి దిగుడుకు గంటా నలభై నిమిషాలు పట్టింది. కింద హెలికాప్టర్ కోసం ఎదురుచూస్తున్నప్పుడు గైడ్ నాకు రెండు ముక్కలు చెప్పాడు: వెనక్కి వాలొద్దు, రెండు పాదాల మీదా సమానంగా బరువు వెయ్యి. రెండోసారి మధ్యలో ఏడెనిమిది మలుపులు కుదిరాయి. మంచు మోకాళ్లను దాటి ఎగిరి తొడల మీద పడుతోంది, స్కీలు కనిపించవు, చప్పుడు లేదు, శరీరం లేచి దిగి, లేచి దిగి తనంతట తానే ఒక తాళం పట్టుకుంది. అర నిమిషం ఉండొచ్చు. తర్వాత మళ్లీ పడ్డాను. ఆ అర నిమిషం కోసం ఇంత డబ్బు పెట్టవచ్చా అని మా ఆవిడ అడిగిన ప్రశ్నకు నేనింకా సమాధానం చెప్పలేదు.

వెళ్లాలనుకునేవారికి కాళ్ల గురించి ఒక మాట. ప్రతి నెలా అలిపిరి మెట్లు ఎక్కేవాణ్ని కదా, ఇది నాకొక లెక్కా అనుకున్నాను. 3,550 మెట్లు ఎక్కడం ఊపిరికి మంచిదే గానీ, స్కీయింగ్‌లో పని చేసేది తొడల ముందు కండరాలు, అదీ శరీరం బరువును కిందికి దించుతూ ఆపే పని. మనమంతా నడిచి ఎక్కి బస్సులో దిగుతాం. ఈ పనికి నడిచి దిగాలి. నేను చివరి రెండు నెలలూ మెట్లు దిగే అలవాటు చేసుకున్నాను కనుకనే రెండో దిగుడు దాకా నిలబడగలిగాను. మోకాళ్లలో నొప్పి ఉన్నవారు మాత్రం ముందుగా డాక్టరుకు చూపించుకోవాలి.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. మొదటిసారి ఆఫ్-పిస్ట్ రుచి చూడాలనుకునేవారికి గుల్‌మార్గ్‌లో హెలికాప్టర్ అవసరమే లేదు. గొండోలా రెండో దశ అఫర్వత్ కొండ భుజం మీద దాదాపు 3,980 మీటర్లకు చేర్చుతుంది, హెలికాప్టర్ మమ్మల్ని దించిన చోటికి నూట ఇరవై మీటర్లే తక్కువ. మంచి గైడ్‌ను పెట్టుకుని, ట్రాన్స్‌సీవర్, గొట్టం, పార వెంట తీసుకుని, ఆనాటి మంచుచరియల హెచ్చరిక చూసుకుని గొండోలాలో పోతే ఇదే పొడిమంచు, ఇదే వాలు, హెలికాప్టర్ ఖర్చులో చిన్న భాగానికి దొరుకుతుంది. ఆ ప్రమాదాలూ అవే ఉంటాయి సుమా. టిక్కెట్టు చౌక అయినంత మాత్రాన కొండ మెత్తబడదు. ఇక విలాసం కోసం కొండల్లో హెలికాప్టర్లు తిప్పడం సరైనదేనా అన్న ప్రశ్న కూడా ఉంది. ఫ్రాన్స్ 1985 నాటి పర్వత చట్టంతో హెలికాప్టర్ల నుంచి స్కీయర్లను కొండల మీద దించడాన్ని నిషేధించింది. రెండోసారి పైకి పోతున్నప్పుడు కింద మంచులో బెదిరి పరుగెత్తిన ఏదో జంతువు జాడలు చూశాక ఆ నిషేధం నాకు అంత చాదస్తంగా అనిపించలేదు.

బీమా సంగతి అందరికంటే డాక్టరుగారే ముందు పట్టించుకున్నారు. మామూలు ప్రయాణ బీమా పాలసీలు చాలావాటిలో సాహస క్రీడలు మినహాయింపుల జాబితాలో ఉంటాయి. ఏజెన్సీ ఇచ్చిన పాలసీలో కూడా అంతే. విడిగా చదివితే తప్ప తెలియదు. కొండ మీది నుంచి దించి ఆసుపత్రికి చేర్చే ఖర్చు కూడా చేరిన పాలసీని మేం విడిగా కొనుక్కున్నాం.

మా బావమరిది ఆ నాలుగు రోజులూ కింద చదునైన వాలులో, గైడ్ పెట్టిన కుర్రాడి దగ్గర నేర్చుకున్నాడు. చివరి రోజు మా ముందు పది మలుపులూ పడకుండా తిరిగి, చెప్పినచోట ఆగి చూపించాడు. హెలికాప్టర్ ఎక్కనందుకు అతని వాటా తిరిగి ఇమ్మని తిరుపతి వచ్చాక ఏజెన్సీని అడిగాం. గైడ్ నిరాకరించడం ‘కస్టమర్ తనంతట తాను మానుకోవడం’ కిందికి వస్తుందని మొదట రాశారు. ఉత్తరాలు నడిచాక 40,000 రూపాయలు ఇస్తామన్నారు, అదీ వచ్చే ఏడాది ప్యాకేజీలో తగ్గింపుగా. మా బావమరిది ఆ తగ్గింపు వద్దని చెప్పి, వచ్చే జనవరిలో మొదలయ్యే ప్రాథమిక కోర్సుకు సొంతంగా దరఖాస్తు చేసుకున్నాడు. పోయిన వారం అదే దారిన వెళ్తూ కౌంటరు దగ్గర ఆగి చూశాను. కొత్త కరపత్రాలు వచ్చాయి. హెలికాప్టర్ బొమ్మ మార్చారు, ధర ఎనిమిది వేలు పెంచారు, ‘అనుభవం అవసరం లేదు’ అన్న వాక్యం మాత్రం ఉన్నచోటే ఉంది.